నూట తొంభై రెండో అడుగు

బోరు మేస్త్రికి ఈ లోకంలో చాలామంది మీద కోపం ఉంది. ఆ మంగళవారం మధ్యాహ్నానికి మాత్రం అదంతా పోగై ఒక్కడి నెత్తిన కూర్చుంది. వాడు దారం. అక్క కూతురి మొగుడు, పెద్ద చదువులు చదివిన ఇంజనీరు. వెంట్రుకంత సన్నటి గాజుతీగను నల్లటి తొడుగులో పెట్టి బోర్లలోకి దించి, లోపల నీళ్ళు ఎటు నడుస్తున్నాయో చెప్పడం వాడి ఉద్యోగం. అందుకే చుట్టాల్లో ఆ పేరు పడింది.

వాడి పెళ్ళిలో మగపెళ్ళివారికి దగ్గరుండి వడ్డించింది మేస్త్రే. ఇంకొంచెం వేసుకోండి, ఇంకొంచెం వేసుకోండి అని నడుం పడిపోయేదాకా వంగి వడ్డించాడు. ఆ తిండికి నాలుగేళ్ళ తర్వాత వాడు చూపిస్తున్న విశ్వాసం ఇదీ.

వరండాలో కుర్చీ అంచున కూర్చుని దారం కాగితాలు సర్దుతున్నాడు. సర్దినవాటినే మళ్ళీ సర్దుతున్నాడు.

అవతలి చివర స్తంభానికి ఆనుకుని అక్క. ఆవిడ వచ్చి మూడు రోజులైంది. పక్కన తను తెచ్చుకున్న నీళ్ళ క్యాను. ఈ ఇంటి నీళ్ళు గొంతులోకి పోనివ్వనని మొదటిరోజే చెప్పేసింది. మేస్త్రి భార్య టీ తెచ్చి ఎదురుగా పెట్టడం, అది చల్లారాక చప్పుడు చెయ్యకుండా తీసుకుపోవడం, మూడు రోజులుగా ఇదే వరస. టీ కాచింది కూడా ఆ బోరు నీళ్ళతోనే కదా.

అక్క పొలం మేస్త్రి నిమ్మతోటకు పల్లంలో ఉంది. నాన్న తవ్వించిన బావి ఆవిడ వాటాకు వచ్చింది. నలభై ఏళ్ళు అడుగు కనపడని బావి, మేస్త్రి తోటలో బోరు వేసిన ఐదేళ్ళకు ఎండింది. నిరుడు టమాటా మొక్కలు పూత మీద ఉండగానే మాడిపోయాయి. ఈ ఏడు నారే పొయ్యలేదు. బావ నోట్లో నాలుక లేని మనిషి, ఖాళీ బావి గట్టున కూర్చుని చుట్ట కాల్చుకుంటాడు. అక్క అలాంటిది కాదు. తమ్ముడి బోరే తన బావిని తాగేసిందని చుట్టాలందరి ముందూ అనేసింది.

మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. ఈ చుట్టుపక్కల మూడువందల బోర్లు వేసినవాడికి నీళ్ళ సంగతి నువ్వు చెబుతావా అన్నాడు. తన పంపు రోజుకు గంట మించి నడవదన్నాడు. కావాలంటే నీ అల్లుడి దారం దింపి చూసుకో, నీ నీళ్ళు నా బోరులోకి పోతున్నాయని తేలితే ఆ తోట బోరుతో సహా నీ పేర రాసేస్తాను పొమ్మన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇంకో షరతు కూడా తనే పెట్టాడు. కొలిచినన్నాళ్ళూ పంపు ఆపేస్తాను, షెడ్డు తాళంచెవి అల్లుడి చేతికే ఇస్తాను, అప్పుడు గనక చుక్క కదిలిందంటే నన్నడగండి.

పంపు ఆగింది. తీగ దిగింది. ఇవాళ కాగితం వచ్చింది.

“మామయ్యగారూ, నీళ్ళు కదులుతున్నాయండీ,” అన్నాడు దారం, కాగితం వైపే చూస్తూ.

“పంపు ఆపి మూడు రోజులైంది. తాళంచెవి మీ జేబులో ఉంది. మరి ఎలా కదులుతున్నాయి? అల్లుడుగారొచ్చారని లేచి నిలబడ్డాయా?”

మేస్త్రి ఆ కుర్రవాణ్ణి ‘మీరు’ అనే అంటాడు. ఆ ‘మీరు’లో ఎంత విషం పొయ్యవచ్చో అతనికి బాగా తెలుసు.

“పైకి కాదండీ. కిందికి.”

మేస్త్రి భార్య లోపలికి తీసుకుపోతున్న టీ గ్లాసు గుమ్మంలోనే ఆగింది.

దారం అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. గాజుతీగలోకి వెలుగు పంపుతారు. ప్రతి అడుగు దగ్గరా అందులో రవ్వంత వెనక్కి తిరిగి వస్తుంది. వచ్చిన వెలుగును బట్టి ఆ అడుగు దగ్గర ఎంత వేడి ఉందో తీగ కొసకు తగిలించిన పెట్టె చెబుతుంది. మామూలుగా అయితే లోతుకు పోయేకొద్దీ నేల వేడెక్కాలి, అందులోని నీళ్ళూ వేడెక్కాలి. ఈ బోరులో అలా లేదు. పైపొర దగ్గర నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో వంద అడుగుల కింద కూడా అంతే చల్లగా ఉన్నాయి. పై నీళ్ళు కిందికి దిగుతూ ఉంటే తప్ప అలా ఉండదు. అనుమానం తీరక మధ్యలో ఒకచోట నీళ్ళను కాస్త వేడిచేసి చూశాడట. ఆ వేడి అక్కడ నిలవలేదు. నిమిషానికి ఆరడుగుల చొప్పున, మెట్లు దిగుతున్న మనిషిలాగా, కిందికి దిగిపోయింది. ఒక లోతుకు వచ్చాక రాతిలోకి పోయి మాయమైంది.

పైపొరలో ఉన్న నీళ్ళు బోరులోకి వచ్చి, బోరు గొట్టంలాగా పనిచేసి, కింద ఏదో సందులోకి పోతున్నాయి. నిమిషానికి నలభై లీటర్లు. పగలూ రాత్రీ, పంపు ఉన్నా లేకపోయినా. ఆరేళ్ళుగా. ఆ పైపొరే అత్తయ్యగారి బావికి ఊట.

“పంపు నడుస్తూ ఉంటే నీళ్ళన్నీ దానివైపే లాగుతాయండీ. ఇది కనబడేదే కాదు. మీరు ఆపేస్తాననడం మంచిదైంది,” అన్నాడు దారం.

వాడు మెచ్చుకుంటూనే అన్నాడు. మేస్త్రికి పుండు మీద కారం చల్లినట్టయింది.

అక్క వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. ఆవిడ ఎప్పుడూ అంతే, ఏడవాల్సినచోట లెక్క వేస్తుంది.

“అయితే నా నీళ్ళు వీడు తాగలేదన్నమాట.” తమ్ముడి మొహం చూడకుండానే అంది. “పారబోశాడు. తాగుంటే ఇంత బాధ ఉండేది కాదు. పోనీలే, నా తమ్ముడి చెట్లే కదా పచ్చగా ఉన్నాయి అనుకునేదాన్ని.”

మేస్త్రి మూడు రోజులుగా తిట్టుకు తిట్టు సిద్ధం చేసుకుని ఉన్నాడు. అక్క మాత్రం తిట్టలేదు. దారం చేతిలో కాగితం లాక్కున్నాడు.

అతను ఐదో తరగతిలో బడి మానేశాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. అంకెలు మాత్రం అతన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు. కాగితం మీద పైనుంచి కిందికి ఒక వంకరగీత, పక్కన లోతులు. వేలు పెట్టుకుని దిగాడు. నీళ్ళు బోరులోకి వచ్చేచోటు నూట పది. పోయేచోటు రెండువందల పద్నాలుగు. గీత అయిపోయినచోటు రెండువందల యాభై రెండు.

చివరి అంకె దగ్గర వేలు ఆగింది. మేస్త్రి మొహంలోకి మూడు రోజుల తర్వాత రక్తం వచ్చింది.

“అల్లుడుగారూ, నేను వేసిన బోరు ఎంత లోతో తెలుసా?”

“తీగకు కట్టిన బరువు అడుగు తగిలేదాకా దించామండీ.”

“రెండువందల ముప్ఫై. నా చేత్తో వేశాను. మీ పెట్టె రెండువందల యాభై రెండంటోంది. మిగతా ఇరవై రెండడుగులు ఎవరు తవ్వారు? వెలుగు పోయి తవ్వొచ్చిందా?”

దారం కాగితం అందుకుని చూశాడు. వాడి మొహాన నెత్తుటి చుక్క లేదు. మేస్త్రి ఇక ఆగలేదు. కాలేజీలో లక్షలు పోసి నేర్చుకున్నది ఇదా అన్నాడు. ఒక్క బోరు లోతు తిన్నగా కొలవలేనివాడు దాని కడుపులో నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పొచ్చాడన్నాడు. ఇలాంటి కాగితం కోసం సొంత అక్క తన ఇంటి వరండాలో కూర్చుని తన ఇంటి నీళ్ళు ముట్టకుండా తన పరువు వీధికెక్కించిందన్నాడు. అక్క అన్నీ విన్నది. అల్లుణ్ణి మాత్రం ఒకసారి చూసింది, పరీక్షలో బొక్కబోర్లా పడ్డ పిల్లాణ్ణి చూసినట్టు.

“ఒక్కసారి బోరు దగ్గరికి పోదామండీ,” అన్నాడు దారం.

నలుగురూ ఇంటి వెనక తోటలోకి నడిచారు. మేస్త్రి ముందు. అతని నడకలో ఊపు వచ్చింది. నిమ్మకొమ్మల ముళ్ళు చొక్కాకు తగులుతున్నా పక్కకు తప్పుకోలేదు.

బోరు మూతి దగ్గర ఇనుప మూడుకాళ్ళ మీది కప్పీ గుండా నల్లటి తీగ లోపలికి దిగి ఉంది. పెట్టె మాత్రం షెడ్డులో లేదు. నిన్న మధ్యాహ్నం రేకుల వేడికి అది సతాయిస్తుంటే దారం దాన్ని తెచ్చి చెట్టునీడలో పెట్టాడు. అలా జరిపినప్పుడు తీగ చాలదేమోనని డ్రమ్ములోంచి ఇంకొంత వదిలాడు. చెట్టూ షెడ్డంత దూరమే కాబట్టి వదిలిందంతా మిగిలిపోయింది. దాన్ని వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు అడ్డం పడకుండా షెడ్డు గుంజకు చుట్టాడు. చుట్టలు చుట్టలుగా ఇప్పటికీ గుంజకు అలాగే ఉంది.

దారం ఆ చుట్టల ముందు నిలబడి నుదురు కొట్టుకున్నాడు.

పెట్టెకు నేల తెలియదు, బోరు తెలియదు. తన దగ్గర మొదలైన తీగ ఎంత పొడుగుందన్నదే దానికి తెలుసు. అందుకని బోరు మూతి దగ్గర తీగకు వేడినీళ్ళ గుడ్డ చుట్టి, ఆ వేడి కనపడినచోటు నుంచే లోతు లెక్కపెట్టాలి. మొదటిరోజు వాడు ఆ పని చేశాడు. నిన్న పెట్టె జరిపాక మళ్ళీ చెయ్యలేదు. గుంజకు చుట్టిన తీగంతా బోరులోకి దిగినట్టే లెక్కలోకి వచ్చేసింది.

టేపు తెచ్చి కొలిచారు. చుట్టలు విప్పుతూ ఒక కొస మేస్త్రి పట్టుకున్నాడు, ఒక కొస దారం. సరిగ్గా ఇరవై రెండు అడుగులు.

“తప్పు నాదేనండీ,” అన్నాడు దారం. సాకులు వెతకలేదు. మామయ్యగారు గనక పట్టుకోకపోతే రేపు తప్పుచోట సిమెంటు పోయించి ఉండేవాణ్ణని కూడా అన్నాడు.

ఆ మాట మేస్త్రికి చల్లగా తగిలింది. ఇన్నేళ్ళలో చదువుకున్నవాడు ఎవడూ అతని ముందు తప్పు ఒప్పుకోలేదు. నిలువుగా నాలుగంగుళాలు పెరిగినట్టనిపించింది. అలా పెరిగిన మనిషి ఊరుకుంటాడా. మాట్లాడటం మొదలుపెట్టాడు.

రెండువందల పద్నాలుగు దగ్గర సందేమిటి, తలకాయ, అక్కడ నల్లరాయి, దాన్ని తొలిచేసరికి రెండు బిట్లు అరిగాయి అన్నాడు. నూట పది దగ్గర ఊట కూడా అబద్ధమే, అక్కడంతా గట్టి బంకమట్టి, ఊట ఉన్నది పైన గులకలో అన్నాడు. ఈ బోరు నాకు అరచేతిలో గీతలాంటిది, కళ్ళు మూసుకుని చెబుతానన్నాడు. నిజంగానే కళ్ళు మూసుకున్నాడు.

“నలభై దాకా మట్టి, అక్కడిదాకా పైపు వేశాను. నలభై నుంచి ఎనభై ఎనిమిది దాకా సుద్ద. ఎనభై ఎనిమిది దగ్గర గులక, మంచి ఊట. తర్వాత నూట ఇరవై దాకా బంక. నూట ఇరవై నుంచి నూట తొంభై రెండు దాకా బూడిదరంగు రాయి. నూట తొంభై ఆరు నుంచి అడుగుదాకా నల్లరాయి. చాలా? ఇప్పుడు రాసుకోండి మీ కాగితంలో.”

దారం రాసుకుంటూనే ఉన్నాడు. రెండు తీసివేతలు వేశాడు. నూట పదిలోంచి ఇరవై రెండు పోతే ఎనభై ఎనిమిది. గులక దగ్గర ఊట. పొల్లు పోకుండా సరిపోయింది.

రెండువందల పద్నాలుగులోంచి ఇరవై రెండు పోతే నూట తొంభై రెండు.

వాడు కలం ఎత్తాడు గానీ తల ఎత్తలేదు.

ఎత్తింది అక్క. ఆవిడ కూడా బడికి పోయింది ఏడు తరగతులే. తమ్ముడు బడి మానేసి బోరు బండి మీద పనికి పోయిన కొత్తలో, టేపు మీద అడుగులూ అంగుళాలూ చదవడం వాడికి వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో నేర్పింది ఆవిడే. 

“ఒరే తమ్ముడూ. నూట తొంభై రెండు దాకా బూడిదరాయన్నావు. నూట తొంభై ఆరు నుంచి నల్లరాయన్నావు. మధ్యలో నాలుగడుగులు ఏమయ్యాయిరా?”

మేస్త్రి కళ్ళు తెరిచాడు.

ఇంత చిన్న ప్రశ్నకు ఇంతసేపు పట్టకూడదని అతనికి తెలుస్తూనే ఉంది. తెలిసినకొద్దీ ఇంకా ఆలస్యమవుతోంది.

ఆ నాలుగడుగులు అతనికి నిన్న జరిగినట్టు గుర్తుంది. అద్దెకు తెచ్చిన బండి. నూట తొంభై రెండు దగ్గర బిట్టు ఒక్కసారిగా కిందికి జారింది, మెట్టు ఉందనుకుని కాలు వేసిన మనిషిలాగా. బండి చప్పుడు మారింది. పైకి వస్తున్న రాతిపొడి ఆగింది. బోలు. ఎంత దూరం పోతుందో తెలియని బోలు. మధ్యాహ్నం టేపు వేస్తే అరవై నాలుగు అడుగుల్లో ఉన్న నీళ్ళు, మర్నాడు పొద్దున డెబ్భై అయిదుకు పోయాయి. నమ్మలేక రెండోసారి వేశాడు. డెబ్భై అయిదే.

అలాంటప్పుడు ఏం చెయ్యాలో అతనికి తెలుసు. కింద బోలు దాకా సిమెంటు పోసి మూసెయ్యాలి. పని నేర్పినవాడు నెత్తి మీద మొట్టి మరీ చెప్పిన సంగతి. నాలుగు రోజుల పని. బండి ఆ మధ్యాహ్నమే ఇంకో ఊరు పోవాలి. నాలుగు రోజులు ఆపితే మేస్త్రికి తన బోరే తిన్నగా వేసుకోవడం రాలేదని నలుగురూ నవ్వుతారు. నీళ్ళు సర్దుకుంటున్నాయిలే అన్నాడు. తనలో తను కాదు, పైకే అన్నాడు. పక్కన టేపు చుట్ట పట్టుకుని నిలబడ్డ పెళ్ళాంతో.

“చెప్పరా,” అంది అక్క.

“రాయి మారేచోట అలాగే ఉంటుంది. మెత్తగా.” మేస్త్రి నీళ్ళు నమిలాడు. “సరిగ్గా గుర్తులేదు.”

“బిట్లు రెండు అరిగింది గుర్తుంది. బంకమట్టి ఎక్కడ అయిపోయిందో గుర్తుంది. ఇది గుర్తులేదు.”

దారం మధ్యలో కల్పించుకున్నాడు. అత్తగారిని ఆపడానికో, మామయ్యను ఒడ్డున వెయ్యడానికో. ఆ నాలుగడుగులూ బోలే అయ్యుంటుందని, ఇందులో ఎవరి పొలమూ ఎవరికీ పోనక్కర్లేదని చెప్పాడు. బోలు పైన బూడిదరాతిలో బిరడా బిగించి, దాని మీద సిమెంటు పోసి, నూట యాభై దాకా తీసుకొస్తే చాలు. పై ఊట పైనే ఉండిపోతుంది. మామయ్యగారి చెట్లకూ నీళ్ళుంటాయి, రెండు మూడు వానల్లో అత్తయ్యగారి బావీ మళ్ళీ ఊరుతుంది. తనకు కావలసింది ఒక్కటే. ఆ బోలు ఎంత వెడల్పు, బిట్టు జారినప్పుడు రాడ్లు పక్కకు వాలాయా లేదా, ఆ తర్వాత నీళ్ళు ఎంత దిగాయి. తీగ ఇవాళ్టి సంగతి చెబుతుంది గానీ, తవ్విన రోజు సంగతి తవ్వినవాడే చెప్పాలి.

“గుర్తున్నంత చెప్పండి మామయ్యగారూ. ఎవరూ తప్పు పట్టరు.”

మేస్త్రి వాడి మొహంలోకి చూశాడు. అందులో వెటకారం కోసం వెతికాడు. దొరికితే బతికిపోయేవాడు. దొరకలేదు.

అక్క ఈసారి తమ్ముణ్ణి వదిలి, షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డ అతని భార్య వైపు తిరిగింది.

“మరదలా, బోరు వేసినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావుగా. నువ్వు చెప్పు. వీడికి ఆ రోజే తెలుసా?”

భార్య చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నలుగురిలో మొగుడి మాటకు ఎదురు మాట్లాడింది లేదు. అబద్ధం ఆడమన్నప్పుడు ఆడిందీ లేదు. అలాంటప్పుడల్లా వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. ఇక్కడ వంటిల్లు దూరం.

“ఆయన్నే అడగండి వదినా,” అంది.

అంతే అంది. మేస్త్రికి చెంప మీద కొట్టినట్టయింది. తెలియదు అనడానికి నాలుగక్షరాలు. ఆ నాలుగక్షరాలు తన పెళ్ళాం నోట్లోంచి రాలేదు.

అక్క దగ్గరికి వచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి తమ్ముడికి చెయ్యి చాచినంత దూరంలో నిలబడింది. ఆవిడ గొంతు తగ్గింది. తోట అక్కర్లేదంది. ఆ రోజు నువ్వు కోపంలో అన్నావు, నేనూ వినలేదనుకుంటానంది. బావి ఇంకో రెండేళ్ళు ఎండినా బతకడం తనకు తెలుసంది.

“నాకు కావలసింది ఒక్క మాట. నా బావి ఎండుతోందని ఏడాదికోసారి నీ దగ్గరికొచ్చి చెప్పాను. వచ్చిన ప్రతిసారీ వానలు తక్కువక్కా అన్నావు. నిరుడు వచ్చి బావిలోకి తొంగిచూసి, పూడిక తియ్యించమని సలహా కూడా చెప్పావు. తియ్యించాను. అప్పుడు నీకు తెలుసా?”

అవును అంటే అయిపోతుంది. సిమెంటు పడుతుంది, నీళ్ళు పైన ఆగుతాయి, టీ గ్లాసు ఖాళీ అవుతుంది. మేస్త్రి నోరు తెరిచాడు కూడా. తెరిచేసరికి ఎదురుగా దారం, చేతిలో కలం. వాడు రాసుకుంటాడు. తేదీ వేసి, అడుగులు వేసి, మేస్త్రి చెప్పిన వివరం అని రాసుకుంటాడు. మూడువందల బోర్లు వేసిన మేస్త్రి తెలిసి తెలిసి అక్క బావికి చిల్లు పెట్టాడని ఆ కాగితంలో ఉంటుంది. చదువుకున్నవాళ్ళ కాగితం ఎక్కడెక్కడికి పోతుందో ఎవరికి తెలుసు. రేపు బోరు వెయ్యమని వచ్చేవాడు గేటు బయట నిలబడి అడుగుతాడు, మాదైనా మూస్తావా మేస్త్రీ అని.

“ఆడినమాట ఆడినట్టే,” అన్నాడు మేస్త్రి. “తేలింది కదా. రాసిచ్చేస్తాను.”

“నేను అడిగింది అది కాదు.”

“నేను ఇస్తానన్నది అదే.”

అతను గబగబా ఇంట్లోకి నడిచాడు. ఈసారి కొమ్మల్ని రెండు చేతులా తోసుకుంటూ. బీరువాలోంచి పొలం కాగితాలు తీశాడు, వాటిని ముందు పెట్టుకుని తెల్లకాగితం మీద తనే రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటీ చెక్కినట్టు. తూర్పున బాట. పడమర కాలువ గట్టు. దక్షిణాన అక్క పొలం. ఉత్తరాన తన ఇల్లు. రిజిస్ట్రారు ఆఫీసులో పక్కా చేయిస్తానని కింద రాసి సంతకం పెట్టాడు. సాక్షి సంతకానికి కాగితం భార్య ముందుకు జరిపాడు. ఆవిడ కలం ముట్టుకోలేదు. అలాగని తోటను ఎందుకిస్తున్నావనీ అడగలేదు. నిమ్మకాయలు కోసి కోసి గీసుకుపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో ఇల్లన్నట్టు కూర్చుంది.

దారం వద్దంటూనే ఉన్నాడు. ఒక్క మాట చెబితే పోయేదానికి ఇంత దేనికి మామయ్యగారూ అంటూనే ఉన్నాడు. అక్క వాణ్ణి కళ్ళతోనే ఆపింది.

ఆవిడ కాగితాన్ని మొదటినుంచీ చివరిదాకా చదివింది. రెండోసారి చదివింది. తను అడిగింది అందులో ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతున్నట్టుంది. ఆ తర్వాత నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది.

మేస్త్రి ఆ మడతలు చూస్తూ ఉండిపోయాడు. అక్క తీసుకోదని అతను లోపలెక్కడో నమ్మాడు. ఆ సంగతి కాగితం సంచిలో పడ్డాకే అతనికి తెలిసింది.

“తీసుకుంటున్నాను,” అంది అక్క. “నువ్వు నా ఇంటికొచ్చి జవాబు చెప్పిన రోజు ఈ కాగితం నీ చేతిలో పెడతాను. రిజిస్ట్రీ అయినా సరే, తిరగరాయించి ఇస్తాను. నీకు గుర్తొచ్చేదాకా తోట నా దగ్గరుంటుంది.”

మెట్లు దిగి అల్లుడి బండిలో కూర్చుంది. బండి వెంటనే కదల్లేదు. దారం తీగ చుట్టుకుని, పెట్టె సర్దుకుని రావాలి. పావుగంట పట్టింది. ఆ పావుగంటా బండి అద్దం దించే ఉంది, అక్క ఇటువైపే తిరిగి ఉంది. మేస్త్రి వరండాలో గుంజలా నిలబడి ఉన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా పది అడుగుల దూరం.

పావుగంట అయింది. దారం వచ్చి షెడ్డు తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక ఒక్క క్షణం తచ్చాడి, చివరికి అత్తగారికే ఇచ్చాడు. బండి గేటు దాటింది.

ఒక్క మాట చెప్పనందుకు ఆ మధ్యాహ్నం మేస్త్రి పోగొట్టుకున్నది ఒక ఎకరం డెబ్భై ఎనిమిది సెంట్లు.